ఇద్దరికి సరిపడా గాలి

ఆవిడ పోయిన సంగతి కోటమ్మ ఫోన్ చేసి చెప్పింది. జగ్గయ్యపేట బజారులో ఆవిడకున్న బట్టల కొట్లో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి కోటమ్మ. నేనప్పుడు నందిగామలో మా ఇంట్లో పొద్దుటి కాఫీ తాగుతున్నాను.

"అమ్మగారు పోయారండీ. నిన్న సాయంత్రం, కొట్లోనే. జాకెట్టు ముక్క కొలుస్తా కొలుస్తా కౌంటరు మీద తల ఆనించారు. అలిసిపోయారేమోలే అనుకున్నా."

 కోటమ్మ గొంతు తగ్గించి, ఫోన్ చేసిన అసలు కారణం చెప్పింది.

"మీరు ఒక్కసారి రావాలి బాబుగారూ. ఆ బండి వరండాలో అడ్డంగా ఉంది. రాత్రి ఎలాగో పక్క నుంచి లోపలికి చేర్చాం గాని, పాడె బయటికి రావాలంటే దాన్ని జరపాలి. ఎవరూ చెయ్యి వెయ్యట్లా. మరిదిగారబ్బాయి కూడా నా వల్ల కాదనేసాడు. మీరైతే నడిపారు కదా."

గ్లాసు కింద పెట్టి బయల్దేరాను. నందిగామ నుంచి జగ్గయ్యపేటకి పెద్ద దూరం కాదు. కాని ఆ రోజు హైవే మీద నాకు లారీలూ కనబడలేదు, పక్కన పత్తి చేలూ కనబడలేదు. వరండా మెట్టు మీద చిన్న పీట వేసుకుని, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి, బండి చైను ఒక్కో లింకూ తుడుస్తున్న ఆవిడే కనబడింది.

పెళ్ళికి ముందు, విత్తనాల కంపెనీ పని మీద ఊళ్ళు తిరిగే రోజుల్లో, ఆవిడ ఇంటి మేడ మీద గది అద్దెకి తీసుకున్నాను. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు మామూలుగా అడిగేవేవీ ఆవిడ అడగలేదు. ఏ ఊరు, ఏమిట్లు, పెళ్ళయిందా, గుడ్లు వండుతారా, ఇవేం లేవు. గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసి, "గేరు బండి వచ్చా?" అంది.

"వచ్చండి."

"ఉన్నట్టుండి ఎదురుగా ఏదైనా అడ్డమొస్తే ఏ బ్రేకు వేస్తావు?"

"రెండూ వేస్తానండి. ముందుదే కొంచెం ఎక్కువ."

ఆవిడ నా చేతులకేసి చూసింది. కొట్లో చీర అంచు చూసినట్టు, వేళ్ళ దగ్గర్నుంచి మణికట్టు దాకా నిదానంగా చూసింది. "సరే. ఎప్పుడు దిగుతావో దిగు," అంది. ఆ ప్రశ్నలు ఎందుకడిగిందో నాకప్పుడు అర్థం కాలేదు. బహుశా సొంతవాళ్ళెవరో బండి మీద పోయి ఉంటారు, అందుకే ఈ జాగ్రత్త అనుకున్నాను. అంతవరకూ నేననుకున్నది నిజమే.

అప్పటికి ఆవిడకి యాభై దాటి ఉంటాయి. పల్చటి మనిషి. నేత చీరలే కట్టేది. భర్త పోయాక ఆయన కొట్టుని ఆవిడే నడుపుకొస్తోంది. పిల్లల్లేరు. పొద్దున్నే పూజ చేసుకుని, టిఫిను డబ్బా పట్టుకుని కొట్టుకి వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి ఇంటికి వచ్చేది. నేను 'పిన్నిగారూ' అని పిలిచేవాణ్ణి. నన్ను 'బాబూ' అనేది. వీధిలో ఎవరింటి గొడవల్లోనూ తలదూర్చేది కాదు. ఇంత మామూలు మనిషి వరండాలో ఆ బండి ఉండటమే విడ్డూరంగా ఉండేది.

అది పాత స్పోర్ట్స్ బైకు. ఒకప్పుడు కాలేజీ కుర్రాళ్ళు కలలు కన్న మోడలు. ఇప్పుడు కంపెనీవాళ్ళే దాన్ని మర్చిపోయారు. ముదురు ఎరుపు రంగు. ముందు భాగమంతా తొడుగు, దాని మధ్యలో లోపలికి నొక్కుకుపోయిన దీపాలు. వంగి కూర్చుంటేగాని అందని హ్యాండిలు. ముందు సీటు కంటే ఎత్తుగా, విడిగా, చిన్న వెనక సీటు. ఆవిడ దాని మీద తెల్లటి ముతక దుప్పటి కప్పేది. ముందు చక్రానికి గొలుసు వేసి వరండా స్తంభానికి కట్టేసేది. గేటుకి తాళం ఉంది, వీధి చివర పోలీసు స్టేషనుంది. "దొంగల భయమా పిన్నిగారూ?" అని ఒకసారి అడిగాను.

"దొంగల కోసం కాదు," అని ఊరుకుంది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఆ బండికి ఎదురుగా ఎప్పుడూ నిలబడేది కాదు. వరండాలోంచి బయటికి రావాలంటే చుట్టూ తిరిగి వెనక నుంచి వచ్చేది. నేను తెలియక ముందు నిలబడి చెప్పులేసుకుంటుంటే, చేస్తున్న పని ఆపి, నేను పక్కకి జరిగేదాకా కదలకుండా చూసేది. "పక్క నుంచి రా బాబూ," అనేది మెత్తగా. కొన్నాళ్ళకి నేనూ పక్క నుంచే వెళ్ళడం మొదలుపెట్టాను. కొట్టు నుంచి ఏదైనా ఇవ్వడానికొస్తే కోటమ్మా అంతే చేసేది. పాలుపోసే అతను గేటు దగ్గరే గిన్నె పుచ్చుకునేవాడు.

ఆదివారం కొట్టుకి సెలవు. ఆ రోజు ఆవిడ బండి పని చేసేది. తలంటుకుని, జుట్టు ముడేసుకుని, పాత చీర కట్టుకుని కూర్చునేది. వెల్డింగ్ షాపులో చేయించుకున్న ఇనప స్టాండు మీద వెనక చక్రం గాల్లోకి ఎత్తి, నేను హ్యాండిలు పట్టుకుంటే, కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో చైను కడిగేది. తుడవడానికి కొట్లో మిగిలిన జాకెట్టు ముక్కల పీలికలు వాడేది. పసుపుపచ్చవి, గులాబీవి, చిలకపచ్చవి. పని అయ్యేసరికి అన్నీ నల్లగా అయి మెట్టు మీద కుప్ప పడేవి. తర్వాత వేలితో చైనుని కిందికీ పైకీ కదిపి వదులెంతుందో చూసేది. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, చెవి దగ్గరగా పెట్టి వినేది. అప్పుడు మాట్లాడితే కోపం.

వీటన్నిటికీ మించి ఆవిడకి బ్రేకులు. ముందు చక్రం ప్యాడ్లు ఊడదీసి, వాటి మందం గోటితో కొలిచేది. హ్యాండిలు మీదున్న చిన్న డబ్బా మూత తీసి బ్రేకు ఆయిలు రంగు చూసేది. కొత్తప్పుడు అది తేనె రంగులో ఉంటుంది. కొంచెం టీ రంగులోకి తిరిగితే చాలు, మార్చేదాకా నిద్రపోయేది కాదు. టైర్లు అరగకపోయినా, గోరు నొక్కితే దిగట్లేదు, రబ్బరు గట్టిపడిందని మార్పించేది. ఇంజనాయిలు పళ్ళెంలోకి దించి, అందులో అయస్కాంతం తిప్పి, ఇనప రజను అంటిందేమో చూసేది. రెండు వేళ్ళ మధ్య ఆ నల్లటి ఆయిలు రుద్ది వాసన చూస్తుంటే, నాకు ఒక్కోసారి వైద్యుడు నాడి చూస్తున్నట్టుండేది. ఒక్కోసారి ఇంకేదోలా ఉండి, చూపు తిప్పుకునేవాణ్ణి.

ఈ పనులన్నీ నందిగామ మెకానిక్కు ఒకతను ఇంటికొచ్చి చేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకుందట. తర్వాత అతన్ని మాన్పించింది. "చెయ్యి మంచిదే బాబూ. కాని 'ఇంకో నెల లాగించొచ్చండీ' అంటాడు. ఆ మాట నాకు పడదు." ఆ మాట ఆవిడకి నిజంగానే పడేది కాదు. కొట్లో ఎవరైనా చిరుగు కనబడుతున్న చీరని చూపించి దీన్ని ఇంకొన్నాళ్ళు లాగించొచ్చులే అంటే, మొహం పక్కకి తిప్పుకునేది.

వాడకుండా ఉంచితే బండి పాడవుతుంది. బ్యాటరీ దిగిపోతుంది, పెట్రోలు బంకగా మారుతుంది, బ్రేకులు పట్టేస్తాయి. అందుకే ఆదివారం పని అయ్యాక నేను దాన్ని చిల్లకల్లు దాకా తీసుకెళ్ళి తీసుకురావాలి. అద్దెకిచ్చేటప్పుడు నా చేతులు చూసింది దానికోసం. మొదటిసారి తాళం చేతిలో పెడుతూ రెండే మాటలు చెప్పింది. "వెనక ఎవర్నీ ఎక్కించుకోకు. గాలి మాత్రం ఇద్దరికి సరిపడా పెట్టించు."

ఒక్కణ్ణి వెళ్తుంటే ఇద్దరి గాలెందుకని అడగబోయి ఆగిపోయాను. వెనక షాక్ అబ్జార్బరు స్ప్రింగు కూడా ఇద్దరి బరువుకి బిగించి ఉందని ఆ తర్వాత చూశాను. నా ఒక్కడి కింద అది రాయిలా ఉండి, గోతుల్లో నన్ను ఎగరెయ్యాలి. ఎగరేసేది కాదు. బండి నిండుగా, బరువుగా, రోడ్డుకి అతుక్కుని పోయేది. మలుపుల్లో నేను వంచితే ఒక్క క్షణం ఆలస్యంగా వంగేది, వెనకున్న మనిషి కూడా వంగాలి కాబట్టి ఆగినట్టు. బండి పాతది కదా, అలాగే ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఒక ఆదివారం హైవే మీద పెట్రోలు బంకులో ఆపాను. పొద్దున పది గంటల ఎండ. పెట్రోలు పోసే కుర్రాడు మీటరు మీద అంకెలు సరిచేస్తూ, నాకేసి చూడకుండానే, "వెనకాయన్ని దిగమనండి సార్," అన్నాడు.

"ఎవర్నీ?"

అతను తలెత్తాడు. నా వెనక్కి చూశాడు, నన్ను చూశాడు. "ఏం లేదు సార్. ఇందాక వచ్చేటప్పుడు..." అని ఆగి, పెట్రోలు పోసి, డబ్బులు తీసుకుని, గబగబా అవతలి బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఆవిడకి ఇది నవ్వుతూ చెబుదామనుకున్నాను. చెప్పడం మొదలుపెట్టాక నవ్వు రాలేదు. ఆవిడ పళ్ళెం కడుగుతోంది. చేతులు ఆపి, చాలా మామూలుగా, బస్సులో వచ్చే చుట్టం గురించి అడిగినట్టు అడిగింది.

"దిగారా?"

నా వీపు మీద వెంట్రుకలు లేచాయి. ఆవిడ 'దిగాడా' అనలేదు, 'దిగారా' అంది.   పళ్ళెం బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది.

గది ఖాళీ చేసి పోదామని ఆ వారమంతా అనుకున్నాను. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి ఆవిడ ఇనప స్టాండు లాగుతున్న చప్పుడు విని కిందికి దిగిపోయాను. ఎందుకంటే ఏం చెప్పను? మనిషి మంచిది. జ్వరమొస్తే జావ కాచి మేడ మీదికి తెచ్చేది. పైగా ఆ బండి పక్కన ఆవిణ్ణి ఒంటరిగా వదిలెయ్యడం నాకు చేతకాలేదు. వీధిలో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. దుప్పటి తీసి ఉన్నప్పుడు అది ముందు సీటు మీద ఎక్కి పడుకునేది. వెనక సీటు మీదికి మాత్రం ఎప్పుడూ పోలేదు. ముందు సీటు మీద కూర్చుని, ఖాళీ వెనక సీటుకేసి చూస్తూ, మనిషి దగ్గర చేసినట్టు గుర్రుగుర్రుమనేది. ఆవిడ దాన్ని చూసి తల ఊపేది.

వేసవిలో ఒకనాడు ఆవిడ కొత్త హెల్మెట్టు కొనుక్కొచ్చింది. "వేదాద్రి వెళ్దాం బాబూ. నేనూ వస్తా," అంది.

"బస్సులో వెళ్దామండి, ఎండగా ఉంది."

"బండి మీదే. ఈ వేళకే."

మిట్టమధ్యాహ్నం బయల్దేరాం. ఆవిడ ఒకవైపు కాళ్ళు పెట్టి కూర్చోలేదు. పాత పంజాబీ డ్రెస్సు ఒకటి తొడుక్కుని, మగవాళ్ళలా రెండువైపులా కాళ్ళు వేసి కూర్చుంది. సున్నపురాయి దుమ్ముతో రోడ్డు తెల్లగా ఉంది. చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. దారిలో మనిషి లేడు. కృష్ణ ఏటి వైపు దిగే చోట రోడ్డు వాలుగా జారి, ఒక మలుపు తిరిగి, కల్వర్టు మీదుగా పోతుంది. వాలు పైన నా భుజం తట్టి ఆపమంది. దిగలేదు. వెనక నుంచే చెప్పింది. హెల్మెట్టులోంచి ఆ గొంతు నా చెవిలో ఎవరో లోపల కూర్చుని మాట్లాడుతున్నట్టు వినబడింది.

ఈ బండి ఆవిడ తమ్ముడిదట. ఆ రోజు ఇదే వేళకి తమ్ముడు నడుపుతుంటే ఆవిడ భర్త వెనక కూర్చున్నాడు. ఇద్దరూ స్వామి దర్శనానికి బయల్దేరారు. బ్రేకు కీచుమంటోందని భర్త అంతకుముందే రెండు మూడుసార్లు అన్నాడు. "ఇంకో నెల లాగించొచ్చు బావా, ఆదివారం చూద్దాంలే" అన్నాడు తమ్ముడు. ఈ వాలులో దిగుతుంటే, మలుపు దగ్గర పక్క చేలోంచి మిరప బస్తాల ట్రాక్టరు రోడ్డెక్కింది. బండి ఆగలేదు. తమ్ముడికి మోచెయ్యి గీసుకుపోయింది. వెనకున్నాయన కల్వర్టు గోడ దగ్గర పడ్డాడు.

"ప్యాడ్లు ఊడదీసి చూపించారు బాబూ. వాటి మీద ఏమీ లేదు. ఉత్త ఇనుము. ఇనుముని ఇనుము ఎలా ఆపుద్ది?"

ఆవిడ హెల్మెట్టు అద్దం పైకెత్తిన చప్పుడైంది.

"పదకొండో రోజున వాడితో ఒక్క మాటన్నా. నా కంటికి కనబడకు అన్నా. వాడు కనబడలా."

"మరి ఈ బండిని ఎందుకుంచుకున్నారు పిన్నిగారూ? తుక్కుకి ఇచ్చెయ్యాల్సింది."

"తుక్కుకిస్తే ఊడదీస్తారు. చక్రం ఒకడి బండికి వెళ్తుంది, బ్రేకు ఇంకొకడి బండికి వెళ్తుంది. ఒకసారి మనిషి ప్రాణం తీసినది బాబూ ఇది. నాలుగు ముక్కలై నాలుగు ఊళ్ళల్లో తిరగడం ఎందుకు? ఒక్కటిగా నా కళ్ళ ముందు ఉంటే చూసుకోవచ్చు." గొంతులో వణుకు లేదు. "అదీగాక, ఆయన దీని మీదే ఉండిపోయారు. బండి ఆగందే ఎలా దిగుతారు?"

నా భుజం మీంచి చెయ్యి చాచి రోడ్డు కిందికి చూపించింది.

"ఇప్పుడు నువ్వు ఈ వాలులో దిగు. వాడెంత వేగంతో దిగాడో అంత వేగంతో. కల్వర్టు ముందు ఆపు."

"మీరు దిగండి. నేనొక్కణ్ణీ చేస్తా."

"నేను దిగితే ఎలా? ఆ రోజు ఇద్దరున్నారు."

"ఏమన్నా అయితే?"

"ఏమీ కాదు. నేను చూసాగా దాన్ని," అంది.

ఇప్పుడు తలుచుకుంటే ఎందుకు ఒప్పుకున్నానో చెప్పలేను. ఇన్నేళ్ళ ఆదివారాలు ఆవిడ చేసిందంతా ఈ ఒక్క దిగుడు కోసమని మాత్రం తెలిసింది. బండి వదిలాను. వాలులో అది తనంతట తనే ఉరికింది. తెల్లటి రోడ్డు మా కిందికి దూసుకొచ్చింది. ఆవిడ నా నడుం పట్టుకోలేదు. మలుపు వచ్చింది, కల్వర్టు గోడ వచ్చింది. రెండు బ్రేకులూ పట్టాను. ముందు భాగం నేలకి వంగింది, టైరు అరిచింది, నా మణికట్లు విరిగిపోతాయనుకున్నాను. బండి ఆగింది. గోడకి ఇంకా చాలా దూరం ఉంది.

దుమ్ము మమ్మల్ని దాటుకుని ముందుకి పోయింది. ఇంజను ఆగిపోయి ఉంది. ఎవరం కదల్లేదు. అప్పుడు, ఆవిడ ఇంకా నా వెనకే కూర్చుని ఉండగానే, బండి వెనక భాగం మెల్లగా పైకి లేచింది. వెనకున్న మనిషి దిగితే స్ప్రింగు తేలికపడి లేస్తుంది చూడండి, అచ్చం అలా. ఆవిడ ఊపిరి నా మెడ మీద తగులుతూనే ఉంది.

"దిగారు," అంది.

నేను పక్కకి చూడలేదు. ఆవిడ చూసింది. కల్వర్టు మీదుగా ఏటి వైపు పోయే ఖాళీ రోడ్డుని, ఎవరో నడిచి కనుమరుగయ్యేదాకా చూసినట్టు, తల తిప్పుతూ చూసింది. ఆ తర్వాత దిగి గోడ మీద కూర్చుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

గుడికి వెళ్ళలేదు. తిరిగి వచ్చేటప్పుడు మలుపుల్లో బండి నేను వంచగానే వంగింది.

ఆ సాయంత్రం నేను మేడ మీద ఉండగా కింద బండి స్టార్టయిన చప్పుడు వినబడింది. నేను లేకుండా ఆవిడ దాన్ని స్టార్ట్ చెయ్యడం అదే మొదలు. పిట్టగోడ మీంచి వంగి చూశాను. ఆవిడ బండికి ఎదురుగా నిలబడి ఉంది. చెయ్యి ముందుకి చాచి, ఫోను ఇంజను దగ్గర పట్టుకుని ఉంది. ఏం చేస్తోందో అడగలేదు. ఇక ఆ మనిషిని ఏదైనా అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మరుసటి ఆదివారం స్ప్రింగు ఒక్కరి బరువుకి తిప్పించింది. "గాలి కూడా ఒక్కరికి చాలు," అంది. చైను కడగడం, ఆయిలు మార్చడం మాత్రం మానలేదు. నాకు పెళ్ళయి నందిగామ వచ్చేశాక కోటమ్మ కొడుకు చేత అప్పుడప్పుడూ స్టార్ట్ చేయిస్తోందని విన్నాను.

ఇంటి ముందు టెంటు వేశారు. లోపల హాల్లో గాజు పెట్టెలో ఆవిడ, మెడ దాకా తెల్లటి దుప్పటి కప్పుకుని ఉంది. వరండాలో బండి, అదీ తెల్లటి దుప్పటి కప్పుకుని ఉంది. దాని చుట్టూ ఎవరూ నిలబడని జాగా. కోటమ్మ తాళాలు నా చేతిలో పెట్టింది. గొలుసు విప్పి, పక్క నుంచే పట్టుకుని, దొర్లించి గేటు అవతల పెట్టాను. చైను మీద ఆయిలు తాజాగా ఉంది.

అప్పుడు రోడ్డవతల ఒకతను నా చేతిలో ఉన్న బండినే చూస్తూ నిలబడి ఉన్నాడు. లావుపాటి మనిషి, జుట్టు నెరిసింది. మొహంలో ఆవిడ పోలిక కొట్టొచ్చినట్టుంది. నేను అటు వెళ్ళాను. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇంకా ఉందాండీ ఇది?" అన్నాడు.

ఆవిడ తమ్ముడు. ఉండేది మైలవరంలో. మందుల షాపు. ఎంత దూరం మైలవరం? ఇన్నేళ్ళు ఆ కాస్త దూరంలో ఉండి ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు. ఆ తర్వాత ఇంకే బండీ ఎక్కలేదని, బస్సులోనే తిరుగుతానని చెప్పాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. అక్క కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

దహనం అయ్యాక, స్నానాల దగ్గర, అతనే చెప్పాడు.

"అక్క ఒకసారి ఫోన్ చేసిందండీ. ఎండాకాలంలో, సాయంత్రం పూట. 'అక్కా' అన్నా. పలకలా. ఇంజను చప్పుడు వినబడింది. ఆ బండి చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు. చాలాసేపు అదే వినిపించింది. తర్వాత పెట్టేసింది."

"మీరు మళ్ళీ చెయ్యలేదా?"

"ఏమని చెయ్యనండీ? రమ్మని పిలిచిందో, రావద్దని బెదిరించిందో తెలీలా. రోజూ అనుకునేవాణ్ణి, రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అని." మొహం తుడుచుకున్నాడు. "అలాగే లాగించేసా."

వేదాద్రి వాలులో ఏం జరిగిందో అప్పుడు అతనికి చెప్పాను. ఇంతవరకూ నా భార్యకి కూడా చెప్పని సంగతి. అతను అడ్డు రాకుండా విన్నాడు. చివర్న ఒకటే అడిగాడు: "బావ ఎటు వెళ్ళాడండీ?" ఏటి వైపని చెప్పాను.

అస్థికలు వేదాద్రిలో కృష్ణలో కలపాలని పెద్దవాళ్ళు నిర్ణయించారు. మూడో రోజున, పుట్టింటి తరఫున మిగిలింది నువ్వొక్కడివేనని కుండ అతని చేతికిచ్చారు. కార్లు బయల్దేరుతుంటే అతను నా దగ్గరికొచ్చాడు.

"నేను దీని మీద వస్తా. నడపడం నా వల్ల కాదు. మీరు నడపండి, నేను వెనక కూర్చుంటా."

"ఎందుకు మావయ్యా, కార్లో రా," అన్నాడు కారులోంచి ఆవిడ మరిది కొడుకు. అతను వినలేదు. ఎర్ర గుడ్డ కట్టిన కుండ ఒళ్ళో పెట్టుకుని వెనక సీటు ఎక్కాడు. 

పొద్దున్నే వాన పడి రోడ్డు శుభ్రంగా ఉంది. కార్లు ముందు వెళ్ళిపోయాయి. మేం నెమ్మదిగా వెళ్ళాం.  వాలు మొదలయ్యేచోట నా వేళ్ళు వాటంతటవే బ్రేకు మీదికి వెళ్ళాయి. అప్పుడే నా రెండు భుజాల మీదా రెండు చేతులు ఆనాయి. పల్చటి చేతులు. గట్టిగా పట్టుకోలేదు, బట్ట నాణ్యం చూసేటప్పుడు వేసినట్టు ఊరికే వేసినవి.

భయపడుతున్నాడేమోనని అద్దంలో చూశాను. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. కుండని రెండు చేతులతోనూ పొట్టకి అదిమి పట్టుకుని ఉన్నాడు.

"ఆపమంటారా?" అన్నాను. 

"వద్దండీ," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "పోనివ్వండి. అక్క సర్దుకుని కూర్చుంది."

గేరు తగ్గించి, మలుపు తిప్పి, కల్వర్టు దాటించాను. కింద కృష్ణ కనబడింది.